ఏం తాగిండు?

సిద్దిపేటలో ఒక ఆసుపత్రి. రాత్రి పదకొండు గంటలు దాటినది. ఉబ్బసము ముదిరిన మా బంధువునొకనిని లోపల పండుకొనబెట్టి, ముక్కుకు గాలిమాస్కు తగిలించి, నన్ను బయట సిమెంటు బల్లమీద కూర్చుండుమనిరి. అంతలో గేటులోనికి ఒక ఆటో దూసికొనివచ్చి గుమ్మము ముందర ఆగెను. నలువదేండ్ల మనిషిని ఒకరు చంకలక్రింద, మరొకరు మోకాళ్ళక్రింద పట్టి దించిరి. తల వెనుకకు వ్రాలియున్నది. నోటి మూల ఎండిన నురుగు. గురకవలె వినబడుచు గురక కాని ఒక చప్పుడు గొంతులోనుండి ఆగి ఆగి వచ్చుచు, ఒక్కొక్కమారు మరల వచ్చునో రాదోయన్నంతసేపు నిలిచిపోవుచున్నది. వెంట ఒక ముసలి తల్లి, ఒక తమ్ముడు.

డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల, పాతికేండ్లుండవచ్చును. ఎముకల నడుమ ఱొమ్ముమీద పిడికిలితో గట్టిగా రాచి, కనురెప్పలెత్తి టార్చి వేసి చూచి, తల్లినడిగెను. "అవ్వా, ఏం తాగిండు?"

"ఏం తాగలే బిడ్డా. పొద్దంత ఎండల తిరిగిండు. కండ్లు తిరిగి పడ్డడు."

"పురుగుల మందు గిట్ట తాగిండా?"

"అయ్యో, లేదు బిడ్డా."

"మరి కల్లు తాగిండా? ఎక్కడ తాగిండు, ఎన్ని సీసాలు?"

ముసలమ్మ చిన్నకొడుకువంక చూచెను. చిన్నకొడుకు గోడమీద వ్రేలాడుచున్న ఫోను నంబర్ల పట్టికవంక చూచెను. అందులో మొదటి నంబరు పోలీసుస్టేషనుది. "జర బయటికి పోయొస్త" అని గొణిగి, అతడు ఆటో చాటున చీకటిలో కలసిపోయెను.

ఆ ప్రశ్న వైద్యురాలి కుతూహలముకొరకు వేసినది కాదని పాఠకులు గ్రహింపవలెను. ప్రత్తిచేలు విస్తారముగానున్న ఈ జిల్లాలో, తెలివితప్పిన మనిషిని తెచ్చినప్పుడు వైద్యుని మనస్సు మొదట పురుగులమందుమీదికి పోవును. అదియైనచో కంటిపాప సూదిమొనయంతయగును, నోట చొంగ కారును, అట్రోపిన్ వెంటవెంటనే ఎక్కింపవలసియుండును. నల్లమందు జాతివైనచో కంటిపాప అట్లే చిన్నదగును గాని విరుగుడు వేరు, నాలోక్సోన్. అల్ప్రాజోలం, డైజిపాం వంటి నిద్రమందులైనచో కంటిపాప పెద్దగా మాఱదు; ఊపిరిని కాపాడుచు, అవసరమైనచో గొట్టము వేసి యంత్రముతో శ్వాస నడపుచు, కాలము గడపుటయే ముఖ్యచికిత్స. దానికి ఫ్లూమజెనిల్ అను విరుగుడు లేకపోలేదు. కాని ఏండ్లతరబడి ఆ మందునకు అలవాటుపడినవానికి దానిని హఠాత్తుగా ఇచ్చినచో ఫిట్స్ వచ్చి మఱింత ప్రమాదమగును. ఇన్ని దారులలో ఏది పట్టవలెనో తేల్చునది ఒక్క నిజమైన జవాబు. ఆ జవాబు తల్లి కడుపులోనున్నది, నోటికి రాలేదు.

ఏల రాలేదనునదే ఈ కథనమునకు విషయము.

సిద్దిపేటలో ఎమ్మెల్సీయనగానే శాసనమండలి సభ్యుడు స్ఫురించును. ఆసుపత్రిలో ఆ మూడక్షరములకు అర్థము వేరు. విషప్రయోగము, గాయము, అనుమానాస్పదమైన అపస్మారకము, ఇట్టివానిని మెడికో లీగల్ కేసుగా పుస్తకములో వ్రాసి ఠాణాకు కబురుపంపుట ఆసుపత్రుల ఆచారము. "ఎమ్మెల్సీ రాయాలె" అని నర్సు అన్నంతనే బంధువుల ముఖములు పాలిపోవుట నేను కన్నులార చూచితిని. పోలీసులకు కబురందుట వేరు, రోగిమీద నేరము మోపుట వేరు. ఆ రెంటికిని నడుమ ఎంత దూరమున్నదో చదువుకొన్నవారికే స్పష్టముగా తెలియదు. కూలిచేసికొని బ్రతుకు కుటుంబమునకు ఆ రెండును ఒక్కటే. అందుచేత మొదట ఇంటిలోనే మజ్జిగ పోయుదురు, చింతపండు పులుసు పోయుదురు, ముఖముమీద నీళ్ళు చల్లుదురు, తెల్లవారువరకు చూతమందురు. తెలివిలేనివాని నోట పోసిన మజ్జిగ ఊపిరితిత్తులలోనికి దిగును. తెల్లవారువరకు చూచినవారిలో కొందరు తెల్లవారుసరికి ఏడ్పు మొదలుపెట్టవలసివచ్చును.

ఇక ఆ సీసాలోనున్నదేమి? తాటిచెట్టునకు మోకు వేసి ఎక్కి, లొట్టి దించి, మండువలో ముంతతో పోసిన కల్లు మన పల్లెలలో పండుగకును, చావునకును, అలసటకును తోడుగానుండిన ద్రవ్యము. ఆ చెట్టుకల్లును నేను నిందింపను. కాని పట్టణపు కాంపౌండ్లలో ప్రతిదినము అమ్ముడగు సీసాలకు చాలినన్ని చెట్లు లేవు; ఉన్న కల్లును నీళ్ళతో పెంచి, తీపికి సాకరిన్ కలిపి, నీళ్ళలో పోయిన కైపును మరల తెచ్చుటకు మందు కలుపుట ఆరంభమైనది. మొదట క్లోరల్ హైడ్రేటు, పిదప మన పత్రికలు డైజోఫామని వ్రాసిన డైజిపాం, ఇప్పుడు అల్ప్రాజోలం. 1832లో జర్మనుదేశమున లీబిగను రసాయనవేత్త కనుగొనగా, 1869 నుండి ఐరోపాలోని ధనికులకు కునుకుపట్టించుటకు వాడబడిన క్లోరల్ హైడ్రేటు, నూఱేండ్లకు పైగా గడచిన పిదప తెలంగాణలో రాళ్ళు మోసి వచ్చిన కూలివాని సాయంకాలపు సీసాలో తేలుట చరిత్రయొక్క వింత నడకలలో ఒకటి. చెట్టెక్కి ప్రాణమును పణముగా పెట్టు గీతకార్మికునికిని, తెల్లని పొడిని తెచ్చి కలుపువానికిని నడుమ ఎన్నో చేతులున్నవి. ఆ చేతులన్నింటిని ఒక్క కులము పేరుతో పిలుచుట అన్యాయము.

ఈ మందు మెదడునకు అలవాటైన పిదప హఠాత్తుగా మానినను ప్రమాదమే. 2015 సెప్టెంబరులో కల్తీకల్లుమీద ప్రభుత్వము ఉక్కుపాదము మోపినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్, అప్పటికి సిద్దిపేట కూడ అంతర్భాగమైయుండిన మెదకు జిల్లాలలో ఏమి జరిగినదో మనకు జ్ఞాపకమున్నది. వందలమంది చేతులు వణకుచు, లేనివారితో మాటలాడుచు, ఫిట్స్‌తో నాలుక కఱచుకొనుచు ఆసుపత్రులకు వచ్చిరి, కొందరు మరణించిరి. 2020 వసంతములో కరోనా లాక్‌డౌన్ వచ్చి కాంపౌండ్లు మూతపడినప్పుడు మరల అవే లక్షణములతో ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయము ముందు జనము బారులు తీరిరి. ఆ పిమ్మట 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి, హైదర్‌నగర్ ప్రాంతములలో కల్లు త్రాగినవారు పదులసంఖ్యలో ఆసుపత్రుల పాలైరి, పలువురు మరణించిరి. నమూనాలలో అల్ప్రాజోలం బయటపడినది. మందు ఎక్కువైనను చావు, హఠాత్తుగా తక్కువైనను చావు. ఇట్టివానికి మొదట కావలసినది వైద్యుడు.

మన చట్టము ఈ సంగతి ఎఱుగనిది కాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములో, అనగా మన పత్రికలు ఎన్‌డీపీఎస్ చట్టమని వ్రాయు దానిలో, 27వ సెక్షను సేవించినవానికి శిక్ష విధించును. కొకెయిన్, మార్ఫిన్, హెరాయిన్ మొదలగువానికి ఏడాదివరకు, తక్కినవానికి ఆఱునెలలవరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. అదే చట్టములో 64ఎ సెక్షను ఒక చిన్న కిటికీ తెఱచియుంచినది. వ్యసనమునకు లోనైనవాడు, 27వ సెక్షను క్రిందనో స్వల్పపరిమాణపు నేరము క్రిందనో ఆరోపణకు గుఱియైనవాడు, తనంతటతాను ప్రభుత్వపు లేదా ప్రభుత్వము గుర్తించిన ఆసుపత్రిలో వ్యసనవిముక్తి చికిత్స పొందినచో, వానిని ఆ నేరమునకు విచారింపరాదు. నడుమ చికిత్స మానివేసినచో ఆ రక్ష పోవచ్చును. 1989లో చేరి, 2001లో తిరుగవ్రాయబడిన నియమమిది. దీనికి తోడుగ 39వ సెక్షను, దోషిగా తేలినవానినైనను జైలునకు బదులు చికిత్సకు పంపు అధికారమును న్యాయమూర్తికిచ్చినది.

మంచి నియమమే. 2001లో కొకెయిన్ కేసులో పట్టుబడిన ఒక హిందీ సినిమా నటుడు ఈ 64ఎ సెక్షను ఆశ్రయించి, 2012లో బొంబాయి న్యాయస్థానముచేత విముక్తుడాయెను. వానికి న్యాయవాదులుండిరి. నేను ఆ రాత్రి చూచిన ముసలమ్మకు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచియుండెను, అందులో ఆధార్ కార్డు జిరాక్సుయుండెను.

పైగా ఆ కిటికీ ఎవరికొరకు తెఱువబడినదో నిదానముగా చదువుడు. మొదట వాడు వ్యసనపరుడై యుండవలెను. ఆ మందునకు బానిసయైనవాడని చట్టపు నిర్వచనము. మిత్రుల బలవంతముచేత మొదటిమారు ఏదో మ్రింగి నేలగూలిన ఇంజనీరింగు విద్యార్థి ఆ నిర్వచనములో ఇమిడడు. వాడు వ్యసనవిముక్తికై రావలెను. ఊపిరి ఆగిపోవుచున్నదని అర్ధరాత్రి వచ్చుట ఆ మాటలో స్పష్టముగా లేదు. వాడు తనంతటతాను రావలెను. తెలివితప్పినవాడు తనంతటతానెట్లు వచ్చును? ఇక వానిని ఎత్తి తెచ్చిన తమ్ముని ప్రసక్తి ఆ సెక్షనులో ఒక్క మాటకూడ లేదు. అది రేపటి ఉదయమునకు పనికివచ్చు చట్టము. నేటి రాత్రికి దానివద్ద మాట లేదు.

తూకముల సంగతి ఇంకను విచిత్రము. అల్ప్రాజోలంకు ప్రభుత్వము నిర్ణయించిన స్వల్పపరిమాణము 5 గ్రాములు, వాణిజ్యపరిమాణము 100 గ్రాములు. అర మిల్లీగ్రాము మాత్రలతో లెక్కవేసినచో 5 గ్రాములనగా 10,000 మాత్రలు. ఎంతటి వ్యసనపరుడైనను ఆ మేర దాటి త్రాగలేడు గదా యని మనము ఊరటపడవచ్చును. కాని 2020 ఏప్రిల్ 22న హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు, నిషిద్ధద్రవ్యమును మఱియొక వస్తువులో కలిపియున్నచో మిశ్రమము మొత్తమును తూచవలెనని తీర్పుచెప్పినది. హెరాయిన్‌లో సుద్దపొడి కలుపు వ్యాపారులను పట్టుటకు ఆ తర్కము సమంజసమే. అదే తర్కమును అక్షరాల పట్టుకొని మన కల్లుసీసా దగ్గఱకు వచ్చినచో? 650 మిల్లీలీటర్ల సీసాలో మందు ఆవగింజంతయైనను లేకుండవచ్చును, కల్లు మాత్రము 650 గ్రాములు తూగును. అది 100 గ్రాములకు ఆఱింతలు పైమాట, వాణిజ్యపరిమాణమునకు శిక్ష పదినుండి ఇరువదియేండ్ల కఠినశిక్ష. ఏ న్యాయమూర్తియు దప్పికకు సీసా పట్టినవానిని ఇంతదూరము ఈడ్చునని నేననను. అందులో మందున్నదని తెలియకనే త్రాగినవాడు మోసపోయినవాడేగాని నేరస్థుడు కాడు. అయినను సీసా చేతపట్టుకొని ఆసుపత్రికి పోవువాని భయమును తీర్చు వాక్యము చట్టములో ఎక్కడను స్పష్టముగా వ్రాయబడలేదు.

సిద్దిపేట నడుమనుండి రాజీవ్ రహదారి పోవుచున్నది. ఆ రోడ్డుమీద లారీ తగిలి ఒకడు పడిపోయినచో, అటుగా పోవుచున్నవాడెవడైనను ఎత్తి ఆసుపత్రికి చేర్చవచ్చును. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకములు, 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 134ఎ సెక్షను వానికి గొడుగుపట్టినవి. సద్బుద్ధితో సాయముచేసినవానిమీద సివిలు, క్రిమినలు చర్యలు లేవు, పేరుచెప్పుమని బలవంతముచేయరాదు, సాక్షిగా రమ్మని ఠాణా చుట్టు త్రిప్పరాదు. ఇంతవరకు బాగున్నది. ఆ రహదారి అంచునుండి నూఱు గజములు లోనికి నడచినచో ఈతవనము క్రింద మండువ. అక్కడ ఒకడు పెదవులు నల్లబడి పడియున్నాడు. వానిని ఎత్తినవానికి ఆ గొడుగు లేదు. ప్రాణము రెండుచోట్లను ఒక్కటే, చట్టమునకు కన్పించునది మాత్రము తారురోడ్డు.

వైద్యులకు మాత్రము సందేహమునకు తావులేదు. 1989 ఆగస్టు 28న పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, పోలీసు లాంఛనములు పూర్తియగువరకు రోగిని ముట్టననుట రాజ్యాంగములోని 21వ అధికరణమునకు విరుద్ధమని, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను మొదట ప్రాణము నిలుపవలెనని తేల్చిచెప్పినది. కారు గుద్దిన స్కూటరిస్టును ఒక ఆసుపత్రి చేర్చుకొనక, ఎమ్మెల్సీలు చూచు మఱియొక ఆసుపత్రికి పొమ్మనగా, ఇరువది కిలోమీటర్ల దారిలోనే వాడు మరణించిన వృత్తాంతము ఆ తీర్పునకు మూలము.

ఆత్మహత్యాయత్నముగా వ్రాయుదురేమోయను భయము మఱియొకటి. 2018 మే 29నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 115వ సెక్షను, అట్టి యత్నము చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలోనున్నట్లు భావించి, వానిని విచారించి శిక్షింపరాదనినది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయసంహిత పాత 309వ సెక్షనును వదలివేసినది. ఆ మానసిక ఆరోగ్య చట్టమే మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగముతో ముడిపడిన మానసికస్థితులను కూడ వ్యాధిగా పరిగణించి, చికిత్స పొందువాని రహస్యమును కాపాడుమని శాసించినది. ఈ మాట ఏ కాంపౌండు గోడమీదనైనను ఎవరైనను చూచిరా? అక్కడ నేను చూచినవి సీసాల ధరలే.

అయినను అసలు లోపము ఇంకొకచోటనున్నది. మన సాక్ష్యచట్టము 1872నుండియు, దాని స్థానమున వచ్చిన కొత్త అధినియమములోను, కక్షిదారుడు వకీలుతో చెప్పిన మాటను కాపాడినది. భార్యాభర్తల నడుమ మాటను కాపాడినది. రోగి వైద్యునితో చెప్పిన మాటకు అట్టి కవచము లేదు. వైద్యవృత్తి నియమావళి రహస్యమును పాటింపుమనును గాని, న్యాయమూర్తి అడిగినచో వైద్యుడు చెప్పవలసినదే. వకీలు దగ్గఱ అబద్ధమాడినచో కేసు పోవును. డాక్టరు దగ్గఱ అబద్ధమాడినచో మనిషి పోవును. మన శాసనకర్తలు మొదటిదానికే తాళమువేసిరి.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రము 2007లో ఈ చిక్కును మొదట విప్పినది. మోతాదు మించినవానికొరకు అత్యవసరనంబరునకు ఫోను చేసినవానిని, ఆ రోగిని, అక్కడ దొరికిన కొద్దిపాటి మందును పట్టుకొని విచారింపరాదని చట్టముచేసినది. పిదప చాల రాష్ట్రములు ఆ బాట పట్టినవి. కెనడా 2017లో దేశమంతటికి అట్టి చట్టమును తెచ్చి, ఫోను చేసినవానినే గాక ఆ చోటనున్నవారినందఱిని కాపాడినది. అమ్మినవానికి మాత్రము అక్కడను రక్ష లేదు, ఉండరాదు కూడ. అచ్చట చదువుకొను మన పిల్లలు మఱియొక సంగతి తెలిసికొనవలెను. అమెరికాలో రాష్ట్రమిచ్చిన అభయము కేంద్రపు వలసచట్టములను కట్టివేయదు. అయినను, ప్రక్కగదిలోని మిత్రుడు నీలిరంగునకు తిరుగుచున్నప్పుడు వీసా లెక్కలు వేయుచు కూర్చుండువానిని నేను మిత్రుడనను.

మనకు కావలసినది క్రొత్త చట్టగ్రంథమేమియు కాదు. 64ఎ సెక్షను వెంట ఒక్క ఉపవాక్యము చాలును. మోతాదు మించినవానికి వైద్యము కోరినందువలన బయటపడిన సేవనముగాని, స్వల్పమైన ద్రవ్యముగాని, రోగిమీదను తెచ్చినవానిమీదను కేసునకు ఆధారము కారాదని. మిశ్రమములో తూకము చూడవలసివచ్చినప్పుడు శుద్ధమైన మందునే తూచవలెనని. అత్యవసరగదిలో వైద్యునికి చెప్పిన మాట వైద్యమునకే పరిమితమని. కలిపినవానిని, అమ్మినవానిని, తయారుచేసిన ఫ్యాక్టరీవానిని వదలివేయుమని నేననుట లేదు. నిజముచెప్పిన రోగియే అమ్మినవాని అడ్డాకు పోలీసులకు దారిచూపగలడు. భయపడిన రోగి ఏ దారియు చూపడు.

చట్టము మాఱువరకు మనుషులు చావనక్కఱలేదు గనుక, ఊరివారు తెలిసికొనవలసినది కొంచెమే. పడిపోయినవానిని వెల్లకిలా పండుకొనబెట్టక ప్రక్కకు త్రిప్పి, పైకాలు మడిచి, గడ్డము కొంచెమెత్తి ఉంచవలెను. వాంతియైనను నాలుక జాఱినను ఊపిరి ఆగకుండుట కిదియే ఉపాయము. నోట ఏమియు పోయరాదు. 2005 ఆగస్టు 15నుండి మన రాష్ట్రములలో తిరుగుచున్న 108 వాహనమును పిలువవలెను. వచ్చినవానికి ఏమి త్రాగెనో, ఎప్పుడు త్రాగెనో, ఎన్ని సీసాలో, రోజూ త్రాగువాడో కాడో చెప్పవలెను. వ్యసనము వదలుకొనవలెననువానికి 14446 నంబరున్నది. అన్నింటికంటె ముందు, మిగిలిన సీసా ఉన్నచో దానిని వెంట తీసికొనిపోవలెను.

ఈ చివరి మాట నాకు ఆ రాత్రియే తెలిసివచ్చినది. లోపల ఆక్సిజను పెట్టి, సెలైను ఎక్కించి, గొట్టము వేయుటకు సిద్ధముచేయుచున్న డాక్టరు మరల బయటకు వచ్చి, ముసలమ్మ ప్రక్కనే నేలమీద గొంతుకూర్చుండెను. "అవ్వా, నేను పోలీసును కాదు. నీ కొడుకుని బతికించుకుందాం. జర చెప్పు."

చాలసేపటికి ముసలమ్మ నోరు విప్పెను. "మందుకల్లే బిడ్డా. రోజు రెండు సీసాలు తాగుతడు. ఇయ్యాల నాలుగో, ఐదో. ఒకటి ఇంట్ల సగం మిగిలింది. చిన్నోడు ఆటోల పెట్టిండు."

డాక్టరు లేచి గుమ్మములోనుండి పిలిచెను. "తమ్మీ, ఆ సీసా పట్టుకరా. టెస్టుకు పంపాలె."

తమ్ముడు చీకటిలోనుండి వచ్చెను. ఆటో సీటు క్రిందనుండి సీసాను తీసి, రెండుచేతులతో పట్టుకొని దీపము క్రింద నిలిచెను. సీసా తళతళ మెఱయుచున్నది. అడుగునుండి నీటిబొట్లు గచ్చుమీద పడుచున్నవి.

"కడిగిన మేడమ్," అనెను తలవంచుకొని. "అగో, ఆ నల్ల కాడ. కేసయితదని."